రాత్రి ఎనిమిదిన్నరకు జరిపిన వాలీబాల్ మ్యాచ్‌పై ఫిర్యాదు

క్రీడా ప్రసారాల విభాగాధిపతి గారికి,

విషయం: కళాశాల మ్యాచ్ వేళ మార్చడం, అదనంగా వసూలు చేసిన సొమ్ము వాపసు గురించి.

అయ్యా,

ఏ భాషలో రాసినా చదువుతామని మీ చందాదారుల విభాగం చెబుతోంది కాబట్టి నా భాషలోనే రాస్తున్నాను. మా అమ్మాయి అమెరికా పశ్చిమ తీరంలోని ఒక విశ్వవిద్యాలయంలో రెండో సంవత్సరం చదువుతోంది, వాలీబాల్ జట్టులో ఆడుతోంది. 2024లో బిగ్ టెన్ కాన్ఫరెన్స్‌లో, అంటే కలిసి పోటీలు ఆడే విశ్వవిద్యాలయాల కూటమిలో, చేరిన నాలుగు పశ్చిమ తీర విశ్వవిద్యాలయాలలో వారిది ఒకటి.

గత నెలలో ఒక బుధవారం తూర్పు తీరాన న్యూజెర్సీలో వారికి మ్యాచ్ ఉంది. సాయంత్రం ఆరింటికి మొదలు కావలసినదాన్ని మీ ఛానల్‌లో చూపడం కోసం ఎనిమిదిన్నరకు జరిపారు. తీరా ఆ వేళకు ఛానల్‌లో అంతకుముందు నుంచి వస్తున్న ఆట ముగియలేదని మా పిల్లల మ్యాచ్‌ను మీ యాప్‌లోకి నెట్టారు. ఏడాది చందా ముందే కట్టిన నేను, కూతురి ఆట చూడటానికి ఇంకో 12 డాలర్లు కట్టాను. ఛానల్‌లో చూపనే చూపని మ్యాచ్ కోసం ఆ పిల్లలు రెండున్నర గంటలు ఎందుకు ఆగినట్టు?

మ్యాచ్ ఐదు సెట్లు సాగింది. జట్టు విమానం ఎక్కేసరికి అర్ధరాత్రి దాటింది. మా అమ్మాయి తన గదికి చేరింది తెల్లవారుజామున నాలుగున్నరకు. ఎనిమిదింటికి కెమిస్ట్రీ ల్యాబ్ పరీక్ష. మోకాలికి ఐసు సంచి కట్టుకుని, ఒడిలో నోట్సు పెట్టుకుని విమానంలో చదివిందట. ఐసు కరిగి కారిన నీళ్లకు రెండు పేజీల సిరా అలుక్కుపోయింది. ఆ పేజీల ఫొటో నాకు పంపి, "అమ్మా, ఇవే రేపటి ప్రశ్నలు" అని రాసింది. పరీక్ష పోయింది. ఆరింటికే ఆట మొదలై ఉంటే, మూడు గంటల సమయ భేదం కలిసొచ్చి, రెండు గంటలకల్లా పడుకుని ఉండేది.

వేళలు కాన్ఫరెన్స్ అంగీకారంతోనే మార్చామని మీ ప్రతినిధి ఫోనులో చెప్పారు. ఆ కాన్ఫరెన్స్ ఇంత దూరం ఎందుకు విస్తరించిందో మీకు తెలియనిది కాదు. 2022లో అది కుదుర్చుకున్న ప్రసార ఒప్పందం విలువ ఏడేళ్లకు 700 కోట్ల డాలర్ల పైమాటే అని పత్రికలన్నీ రాశాయి. 1915లో పుట్టిన పసిఫిక్ తీర కాన్ఫరెన్స్, మనం ప్యాక్-12గా ఎరిగినది, 2023 వేసవిలో తగిన ప్రసార ఒప్పందం దొరక్క విరిగిపోయింది. ఆగస్టు 4న ఒక్కరోజే ఐదు విశ్వవిద్యాలయాలు వెళ్లిపోయాయి. స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ పసిఫిక్ ఒడ్డున ఉండి అట్లాంటిక్ తీర కాన్ఫరెన్స్‌లో చేరాయి, అదీ మొదట్లో ప్రసార ఆదాయంలో తమ వాటా బాగా తగ్గించుకుని. చివరికి ప్యాక్-12లో వాషింగ్టన్ స్టేట్, ఒరెగాన్ స్టేట్ విశ్వవిద్యాలయాలు రెండే మిగిలాయి. మా వారు వాషింగ్టన్ స్టేట్ ఉన్న పుల్‌మన్‌లోనే ఎం.ఎస్. చేశారు. గోధుమ చేల మధ్య ఉన్న ఆ చిన్న ఊరికి శనివారం ఆట అంటే పండుగ. పెద్ద జట్లు అక్కడికి వచ్చే రోజులు పోయాయని ఆయన ఇప్పటికీ బాధపడతారు.

ఈ డబ్బంతా అమెరికన్ ఫుట్‌బాల్‌ను చూసి వచ్చినదే. ఫుట్‌బాల్ జట్టు వారానికి ఒక్కసారి, ఎక్కువగా శనివారం ఆడుతుంది, సీజన్ మొత్తంలో బయటి ఊళ్లకు వెళ్లేది ఐదారుసార్లు. వాలీబాల్ పిల్లలు వారానికి రెండు మ్యాచ్‌లు ఆడతారు, తరగతులు జరిగే రోజుల్లో కూడా. ఎవరి ఆట కోసమో గీసిన సరిహద్దుల్లో వీళ్లు దేశం ఈ కొస నుంచి ఆ కొసకు తిరుగుతున్నారు. అది మీరొక్కరే చేసిన పని అని నేను అనను. కానీ ఆ బుధవారం రాత్రి గడియారం ముల్లు మాత్రం మీ చేతిలోనే ఉంది.

నేను కోరేవి రెండే. ఆ 12 డాలర్లు వాపసు ఇవ్వండి. తరగతులు ఉన్న రోజుల్లో పశ్చిమ తీర జట్లు తూర్పున ఆడే మ్యాచ్‌లను అక్కడి సమయం సాయంత్రం ఆరు దాటి మొదలుపెట్టవద్దని మీ వేళల విభాగానికి రాతపూర్వకంగా చెప్పి, దాని ప్రతి నాకు పంపండి.

వచ్చే నెల రెండో బుధవారం మా అమ్మాయి జట్టు మేరీలాండ్‌లో ఆడాలి. వేళ ఇంకా ప్రకటించలేదు. మీ జవాబు అంతకు ముందే అందాలి.

ఇట్లు,
మీ చందాదారు, ఒక క్రీడాకారిణి తల్లి