చావు కబురుకు నేపథ్య సంగీతమా, మంత్రిగారూ?

కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రివర్యులకు విశాఖపట్నం నుంచి ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు నమస్కరించి రాయునది.

అయ్యా,

2021 జూన్‌లో కేబుల్ టీవీ నిబంధనలను సవరించి మీ శాఖ తెచ్చిన మూడంచెల ఫిర్యాదు విధానం గురించి మీకు నేను వివరించనక్కర్లేదు. అది మీ చేతి పనే. ముందు ఛానెల్, తర్వాత ఛానెళ్ల స్వీయ నియంత్రణ సంఘం, చివరికి మీ శాఖ: ఆ మూడంచెల్లో మొదటిది దాటడమే నా వల్ల కాలేదు. ఒక యువనటి చావును ఒక వార్తా ఛానెల్ చూపించిన తీరు మీద ఉత్తరాలు రాశాను, రిజిస్టర్డ్ పోస్టులో పంపాను, మీ పోర్టల్‌లో మా మేనల్లుడి చేత వివరాలు నింపించాను. జవాబు రాలేదని అబద్ధమాడను. వచ్చింది. ఆ జవాబు చూశాకే, ఇక నలుగురి ముందూ అడగడం తప్ప వేరే దారి లేదని తేల్చుకున్నాను.

నా ఫిర్యాదు ఇది. ఆ మధ్య ఒక యువనటి చనిపోయారు. పేరు రాయను, ఆ పేరును ఆమె తల్లిదండ్రులు టీవీలో వినవలసిన దానికంటే ఎక్కువే విన్నారు. ఒక తెలుగు వార్తా ఛానెల్ ఆ రోజంతా మరో వార్త చెప్పలేదు. ఇంటి గుమ్మం నుంచి ఆస్పత్రి దాకా, ఆస్పత్రి నుంచి మార్చురీ దాకా అంబులెన్సు వెనకాలే కెమెరా పరుగెత్తింది. తల్లి కారు దిగీ దిగకముందే మూతి దగ్గర మైకులు పెట్టి "అమ్మా, చివరిసారి మీతో ఏం మాట్లాడింది?" అని అడిగారు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటే, ఆ కొంగును దగ్గరగా చూపించారు. తెరను రెండు ముక్కలు చేసి ఒక పక్క ఆ అమ్మాయి చిన్నప్పటి ఫొటో, మరో పక్క స్ట్రెచర్. సాయంత్రానికి గ్రాఫిక్స్ సిద్ధమయ్యాయి. గది, తలుపు, గొళ్లెం, అమ్మాయిని పోలిన ఒక బొమ్మ. ఆ బొమ్మ ఏం చేసిందో అడుగడుగునా చూపించారు. నేను ఇక్కడ రాయను. దానికి గుండె కొట్టుకుంటున్నట్టుండే సంగీతం కలిపి, కింద పెద్ద అక్షరాలతో "ఆ గదిలో అసలేం జరిగింది?" అని వేశారు. అప్పటికి పోస్టుమార్టం కాలేదు. పోలీసులు నోరు విప్పలేదు. స్టూడియోలో మాత్రం ఒక మాజీ పోలీసు అధికారి, ఆమెతో ఒకే ఒక్క సినిమాలో కనిపించిన నటుడు, ఒక జ్యోతిష్కుడు కూర్చుని అంతా తేల్చేశారు. జ్యోతిష్కుడు "నేను ముందే చెప్పాను" అన్నారు. ముందే తెలిస్తే ఆ పిల్లకు ఒక్క ఫోను చేసి ఉండవలసింది.

నర్సుకు ఇదంతా ఎందుకు అంటారేమో. నా ఉద్యోగంలో ఎక్కువ కాలం మానసిక వైద్య విభాగంలోనే గడిచింది. పేరున్నవాళ్లు ఆత్మహత్య చేసుకున్నారని తెలిసిన రోజున వార్డులో మేం మొదట చేసే పని టీవీ కట్టేసి, రిమోటు కోటు జేబులో వేసుకోవడం. ఎవరూ రాసిచ్చిన ఆదేశం కాదు, పని నేర్పిన జాగ్రత్త. అయినా ఏం లాభం? రోగి బంధువుల ఫోన్లలో అదే వస్తుంది, క్యాంటీన్ టీవీలో అదే వస్తుంది. తర్వాతి వారం ఓపీలో "ఆ వీడియో చూసినప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు సిస్టర్" అంటూ కూతురి చెయ్యి పట్టుకుని వచ్చిన తల్లులను చూశాను. ఆ కూతురు మాట్లాడదు. నేల చూస్తూ కూర్చుంటుంది. ఆమెకు కావలసిన మాట ఒకటైతే, ఛానెల్ ఆమెకు చెప్పింది మరొకటి.

ఇది విశాఖలో ఒక ముసలి నర్సు అనుకున్న మాట మాత్రమే కాదు. 2014 ఆగస్టులో హాలీవుడ్ నటుడు రాబిన్ విలియమ్స్ అలా మరణించాక, తర్వాతి ఐదు నెలల్లో అమెరికాలో ఆత్మహత్యలు ఉండవలసిన దానికంటే దాదాపు 10 శాతం ఎక్కువ నమోదయ్యాయని 2018లో ఒక అధ్యయనం వెలువడింది. 1994లో గాయకుడు కర్ట్ కోబెయిన్ అలాగే పోయినప్పుడు, ఆయన్ను చూసి మరికొందరు అదే దారి పడతారని ఆయన ఊరు సియాటిల్‌లో అందరూ భయపడినంతా జరగలేదు. అక్కడి పత్రికలు ఆయన పాటను మెచ్చుకుంటూనే ఆయన చావును గొప్ప చేయలేదు, సహాయం దొరికే ఫోన్ నంబర్లు కూడా ఇచ్చాయి. ఆస్ట్రియా రాజధాని వియన్నాలో భూగర్భ రైళ్ల కింద పడే ఘటనలను 1987 నుంచి పత్రికలు ఆర్భాటంగా రాయడం మానేశాయి. ఆ ఘటనలు అప్పటి నుంచే బాగా తగ్గాయి. కొత్త ఆస్పత్రి కట్టలేదు, కొత్త మందు కనిపెట్టలేదు. రాసే తీరు మార్చారు, అంతే. పత్రికల తీరును చూసే మన ప్రెస్ కౌన్సిల్ కూడా 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనలనే స్వీకరించింది: ఇలాంటి వార్తను పదే పదే వేయవద్దు, ఎలా చనిపోయారో వర్ణించవద్దు, చోటు వివరాలు ఇవ్వవద్దు, సంచలన శీర్షికలు పెట్టవద్దు, ఫొటోలు, వీడియోలు వాడవద్దు. 2021 జనవరి 18న బొంబాయి హైకోర్టు, కొత్త మార్గదర్శకాలు వచ్చేదాకా ప్రెస్ కౌన్సిల్ నియమాలనే టీవీ ఛానెళ్లూ పాటించాలని చెప్పింది. ఆ కేసులో మీ శాఖ కూడా ఉంది, తీర్పు ప్రతి మీ దగ్గర ఉండే ఉంటుంది. ఇప్పుడు పైన నేను చెప్పిన ప్రసారాన్ని ఆ జాబితా పక్కన పెట్టి చూడండి. వద్దన్న వాటిలో ఒక్కటైనా వదిలిపెట్టారా?

ఇదేదో నిన్న మొన్న పుట్టిన జబ్బు కాదు. 2018 ఫిబ్రవరి 24 రాత్రి శ్రీదేవి దుబాయ్‌లో చనిపోతే, అక్కడి అధికారులు ప్రమాదవశాత్తు మునిగి చనిపోయారని తేల్చి మూడు రోజుల్లో కేసు మూసేశారు. ఆ మూడు రోజుల్లో మన ఛానెళ్లు స్నానపు తొట్టెను స్టూడియోల్లోకి దించాయి. మన తెలుగు విలేకరి ఒకాయన స్వయంగా తొట్టెలో పడుకుని చూపించారు. దేశమంతా నవ్వింది. నవ్వి ఊరుకుంది. 2020 జూన్ 14న సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ మరణించారు. ఆయన రాయని ట్వీట్లను ఆయన చివరి ట్వీట్లని చెప్పిన ఒక హిందీ ఛానెల్‌కు వార్తా ఛానెళ్ల స్వీయ నియంత్రణ మండలి వేసిన జరిమానా లక్ష రూపాయలు. లక్ష! పండగ రోజుల్లో ఒక ప్రకటనకు వాళ్లు ఎంత తీసుకుంటారో మీకే బాగా తెలుసు. ఆయన స్నేహితురాలిని నెలల తరబడి తెర మీద దోషిగా నిలబెట్టారు. 2025 మార్చిలో సీబీఐ కేసు మూసివేత నివేదిక ఇచ్చినప్పుడు, ఎంతమంది యాంకర్లు అదే గొంతు పెంచి ఆ వార్త చదివారు?

బతికున్నవాళ్లనూ వదలడం లేదు. 2023 మార్చిలో, రేపో మాపో ఉగాది అనగా, కోట శ్రీనివాసరావు గారు చనిపోయారని వార్త పుట్టించారు. తాను బతికే ఉన్నానని ఆ పెద్దాయన వీడియోలో చెప్పుకోవలసి వచ్చింది. 2025 నవంబరు 11న ధర్మేంద్ర విషయంలోనూ అదే జరిగింది. భార్య, కూతురు ఖండించవలసి వచ్చింది. ఆయన నిజంగా కన్నుమూసింది నవంబరు 24న. 89 ఏళ్ల మనిషిని రెండుసార్లు చంపారన్నమాట. ఇందులో మొదటి దానికి బాధ్యులెవరో మీ శాఖ ఎవరినైనా అడిగిందా?

సరే, నాకు వచ్చిన జవాబు సంగతి. "మీ ఫిర్యాదును తగు చర్య నిమిత్తం సంబంధిత ఛానెల్‌కు పంపడమైనది." దాని పక్కనే ఫిర్యాదు స్థితి: పరిష్కృతం. ఎవరి మీద చెప్పుకున్నానో వారి చేతికే నా కాగితం ఇచ్చి, పరిష్కారమైందని ముద్ర వేశారు. మీ నిబంధనల ప్రకారం ఛానెల్ 24 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, 15 రోజుల్లో నిర్ణయం తెలపాలి. ఛానెల్ నుంచి నాకు అందినది ఒకే ఒక మెయిల్. "మీ ఆదరణకు ధన్యవాదాలు, మా ప్రసారాలు చూస్తూనే ఉండండి." చూస్తూనే ఉన్నాను అయ్యా. ఆ గ్రాఫిక్స్ వీడియో వారి యూట్యూబ్‌లో నేటికీ ఉంది. ముందు సోనా మసూరి బియ్యం ప్రకటన, వెనకాల ఆ అమ్మాయి చావు. ఇక రెండో అంచెకు వెళ్దామంటే, ఆ ఛానెల్ ఏ స్వీయ నియంత్రణ సంఘంలో సభ్యత్వం తీసుకుందో ముందు కనుక్కోవాలి. తెర మీద జ్యోతిష్కుడి ఫోను నంబరు ఉంటుంది కానీ ఆ వివరం ఉండదు.

టీవీ ప్రసారాల మీద జిల్లా స్థాయి పర్యవేక్షణ కమిటీ ఒకటి ఉండాలని మీ శాఖే ఎప్పుడో ఉత్తర్వులు ఇచ్చింది. కలెక్టరు అధ్యక్షత, మహిళా కళాశాల ప్రిన్సిపాలు, మనస్తత్వ శాస్త్రం తెలిసినవారు, అన్నీ కాగితం మీద చక్కగా ఉన్నాయి. దాని గురించి ఒక కార్యాలయంలో అడిగితే అక్కడి ఉద్యోగి చాలా మర్యాదగా "అలాంటి కమిటీ కూడా ఉంటుందా అమ్మా?" అని నన్నే అడిగారు. పాపం, ఆయన్ను ఏమంటాను.

మీ శాఖ ఏమీ చేయలేదని అనడం లేదు. సలహాలు ఇస్తోంది. 2023 జనవరి 9న కూడా ఇచ్చింది: శవాలను, రక్తాన్ని, బాధితుల దెబ్బలను దగ్గరగా చూపించవద్దని. చాలా మంచి సలహా. 2020 మే 7న మా ఆర్.ఆర్. వెంకటాపురంలో విషవాయువుకు జనం రోడ్ల మీద కుప్పకూలిన దృశ్యాలను ఎన్ని రోజులు తిప్పి తిప్పి వేశారో ఈ ఊరివాళ్లకు గుర్తుంది. అప్పుడే ఎవరైనా గట్టిగా ఒక మాట అని ఉంటే ఈ సలహా అవసరం పడేది కాదేమో. సలహా వినకపోతే ఏమవుతుందన్నది మాత్రం ఏ సలహాలోనూ రాయరు. ప్రసారాలను ఆపే అధికారమిచ్చే కేబుల్ టీవీ చట్టం 20వ సెక్షన్ మీ చేతిలో ఉంది. 2016లో పఠాన్‌కోట్ ఉగ్రదాడి ప్రసారాల విషయంలో ఒక హిందీ ఛానెల్‌ను ఒక రోజు ఆపమన్న శాఖ మీదే. (తర్వాత ఆ ఆదేశాన్ని పక్కన పెట్టారు. ఛానెళ్లను ఆపేయమని నేను అడగడం లేదు. ఆ అధికారం ఎటు తిరుగుతుందో నాకూ భయమే.) ఆపకపోయినా, తప్పు చేసిన ఛానెల్ చేత అదే సమయానికి, అన్నే నిమిషాలు క్షమాపణ చెప్పించలేరా? వీడియో తీయించలేరా?

జనం చూస్తున్నారు కాబట్టే చూపిస్తున్నాం అంటారు వాళ్లు. నిజమే, జనం చూస్తారు. మా జగదాంబ కూడలిలో ప్రమాదం జరిగితే ఆగి చూడనివారు ఉండరు. అక్కడున్న ట్రాఫిక్ కానిస్టేబులు ఈల వేసి అందరినీ పంపేస్తాడే కానీ కుర్చీలు తెప్పించి వేయడు. 2020 అక్టోబరులో వార్తా ఛానెళ్ల రేటింగులు ఆగిపోతే, 2022లో వెంటనే మళ్లీ మొదలుపెట్టమని చెప్పింది మీ శాఖే కదా. రేటింగుల మీద అంత శ్రద్ధ చూపినవారు, ఆ రేటింగు ఎవరి కన్నీళ్ల మీద వస్తోందో కూడా ఒకసారి చూడండి.

మిమ్మల్ని బతిమాలుకుంటున్నాను. మనసు బాగోలేనివారికి సహాయం చేసే 14416 ఫోను నంబరు మీ ప్రభుత్వానిదే. 2022 అక్టోబరులో మొదలైంది, తెలుగులో మాట్లాడతారు, రాత్రీ పగలూ ఎత్తుతారు. మీది కాదు, ఆరోగ్య శాఖది అంటారా? ఢిల్లీలో రెండు శాఖల మధ్య దూరం విశాఖ నుంచి ఢిల్లీ అంత ఉండదు కదా. అలాంటి వార్త వేసినంతసేపూ ఆ నంబరు తెర మీద ఉండాలని ఒక ఆదేశం ఇవ్వండి. సలహా కాదు, ఆదేశం. ఆ గ్రాఫిక్స్ బొమ్మలు ఆపించండి. మార్చురీ గుమ్మం దగ్గర మైకులు ఆపించండి. ఆ అమ్మాయి వీడియో తీయించండి. ముందు ఆ వీడియో తీయించండి.

చివరగా ఒక్క మనవి. ఈ లేఖ మీ కార్యాలయానికి చేరితే, దయచేసి దీన్ని కూడా తగు చర్య నిమిత్తం ఆ ఛానెల్‌కు పంపకండి.

భవదీయురాలు,
ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం