ఒక్క రోజులో ఎనిమిది చోట్లు చూపిస్తామన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాము

మా నారాయణగూడ హాస్టల్‌లో బస చేసిన, చేయబోతున్న మిత్రులందరికీ నమస్కారం.

మా హాస్టల్ మెట్ల పక్క గోడ మీద మూడేళ్లుగా "ఒక్క రోజులో హైదరాబాద్" అనే కాగితం అంటించి ఉండేది. చార్మినార్, మక్కా మసీదు, చౌమహల్లా, సాలార్‌జంగ్ మ్యూజియం, గోల్కొండ, కుతుబ్‌షాహీ సమాధులు, బిర్లా మందిర్, హుస్సేన్ సాగర్ అని ఎనిమిది పేర్లు, ఒక్కొక్కదాని ఎదురుగా చేరవలసిన సమయం, అడుగున తలకు 900 రూపాయలని ధర, అన్నీ నేను స్వయంగా వ్రాసినవే. ఆ కాగితాన్ని గత వారం తీసివేశాను. ఎందుకు తీసివేయవలసి వచ్చిందో, దాని స్థానంలో ఏమి మొదలుపెడుతున్నామో, డబ్బు విషయంలో ఇన్నాళ్లూ మీకు చెప్పకుండా ఉంచిన సంగతి ఏమిటో దాపరికం లేకుండా వ్రాస్తున్నాను.

రెండు నెలల క్రితం ఒక గురువారం రాత్రి ఐదుగురు స్నేహితురాళ్లు మా ఆరు పడకల గదిలో దిగారు. ఇంజనీరింగ్ కలిసి చదువుకుని, ఉద్యోగాల మూలంగా రాజమండ్రికి, వరంగల్‌కు, బెంగళూరుకు చెదిరిపోయి, నాలుగేళ్ల తర్వాత మళ్లీ ఒకచోట కలుసుకున్నవాళ్లు. మరునాడు శుక్రవారం ఉదయం నా కాగితాన్ని నమ్మి, మేము మాట్లాడి పెట్టిన వ్యానులో బయలుదేరారు. చౌమహల్లా ప్యాలెస్‌కు శుక్రవారం సెలవు; సాలార్‌జంగ్ మ్యూజియానికి కూడా శుక్రవారమే సెలవు. మక్కా మసీదులో జుమ్మా నమాజుకు జనం చేరుతున్న వేళ కావడం వల్ల చూడడానికి వచ్చినవాళ్లు లోపలికి వెళ్లే సందర్భమే కాదు. ఈ మూడు సంగతులూ హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన నాకు తెలియనివి కావు. వారంలో ఏ రోజుకైనా పనికివస్తుందన్నట్లు కాగితం వ్రాసి, కింద ఒక్క వాక్యం చేర్చకపోవడం పూర్తిగా నా తప్పు.

మూసి ఉన్న రెండు గేట్లు చూసుకుని, పాతబస్తీ నుంచి గోల్కొండకు ఉన్న సుమారు 11 కిలోమీటర్ల దూరం ట్రాఫిక్‌లో దాటేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. కోట ఎక్కుతూ ఒకరు సగంలోనే కూర్చుండిపోయారు. సమాధులు వదిలేశారు. బిర్లా మందిర్‌లోకి ఫోన్లు తీసుకుపోనివ్వరు కనుక వాటిని అప్పగించి తిరిగి తీసుకునే వరుసలోనే చాలాసేపు గడిచింది. హుస్సేన్ సాగర్ బుద్ధుడిని వ్యాను కిటికీలోంచి చూశారు. రాత్రి తొమ్మిదిన్నరకు వచ్చి గదికి వెళ్లే ఓపిక లేక మా మెట్ల మీదే చతికిలబడ్డారు. మరునాడు తాళం చెవి అప్పగిస్తూ వారిలో ఒక అమ్మాయి, "నాలుగేళ్లకు కలిశాం అంకుల్, రోజంతా టైము చూసుకోవడంతోనే అయిపోయింది" అన్నది. కోపంగా అనలేదు. అందువల్లనే ఆ మాట నాకు ఎక్కువగా తగిలింది. ఐదుగురికీ 900 చొప్పున మొత్తం తిరిగి ఇచ్చాను గానీ, పోయిన రోజును తిరిగి ఇవ్వగలిగేది కాదు.

ఆ తర్వాత మూడు వారాల పాటు, వీలు దొరికిన ప్రతి ఉదయం, అతిథి నడిచినట్లే నేను నడిచి చూశాను. ఇకపై మేము తీసుకువెళ్లేది మూడు చోట్లకే: చార్మినార్ పరిసరాలు, సాలార్‌జంగ్ మ్యూజియం, లాడ్ బజార్. వ్యాను ఉండదు. ఉదయం ఏడున్నరకు బయలుదేరి నారాయణగూడ స్టేషన్‌లో మెట్రో ఎక్కితే సుల్తాన్ బజార్ దాటగానే ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్ స్టేషన్) వస్తుంది, రెండే స్టేషన్లు. అక్కడి నుంచి అఫ్జల్‌గంజ్ మీదుగా మూసీ మీది నయాపూల్ వంతెన వరకు నడక. వంతెన మీద ఆగి 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద గురించి చెబుతాము. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి ఆ రోజు సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ వరద తర్వాతనే మళ్లీ అటువంటి ముప్పు రాకుండా ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాలు కట్టారు. పూర్వం మేము బృందాన్ని ఆ చెట్టు దగ్గరికే తీసుకువెళ్లేవాళ్లము. రోగుల వెంట వచ్చినవాళ్లు అదే ఆవరణలో దుప్పట్లు పరుచుకుని, టిఫిన్ డబ్బాలు పక్కన పెట్టుకుని రోజుల తరబడి ఎదురుచూస్తుంటారు. వాళ్ల నడుమ నుంచి కెమెరాలతో నడిచిపోవడం సరికాదని నాకు చాలా ఆలస్యంగా తట్టింది. ఇకపై ఆ కథ వంతెన మీదే చెబుతాము.

పత్తర్‌గట్టి దాటి చార్‌కమాన్ మీదుగా చార్మినార్ చేరేసరికి దుకాణాల షట్టర్లు ఇంకా దించే ఉంటాయి. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించిన ఆ కట్టడాన్ని నిలబడి చూడాలంటే అదే మంచి వేళ. పదకొండు దాటితే తోసుకుంటూ చూడవలసి వస్తుంది. నాలుగు వైపులా ఉన్న గడియారాలు కట్టడంతో పాటు పుట్టినవి కావు, 1889లో అమర్చినవి. ఈ సంగతి చెప్పినప్పుడు ఊరివాళ్లు కూడా తల పైకెత్తి మళ్లీ చూస్తారు. మక్కా మసీదు పక్కన ఉన్న ఇరానీ హోటల్ ముందు నిలబడి చాయ్, ఉస్మానియా బిస్కట్. ఇక్కడ అరగంట ఆగుతాము, ఎవరినీ తొందరపెట్టము. పాత ప్రణాళికలో ఈ చాయ్‌కి పది నిమిషాలు కేటాయించిన మనిషిని నేనే. స్నేహితులు కలిసి బయలుదేరేది కట్టడాల లెక్క పూర్తి చేయడానికి కాదనీ, అలా నిలబడి ఒక కప్పు రెండోసారి చెప్పించుకునే వ్యవధి కోసమేననీ ఇప్పుడు నమ్ముతున్నాను. చార్మినార్ పైకి వెళ్లే మెట్లు ఇరుకుగా, మెలికలుగా ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కింద ఆగినా నష్టమేమీ లేదు. మక్కా మసీదుకు భుజాలు, మోకాళ్లు కప్పే దుస్తులు అవసరం. దుపట్టా మరచిపోయినవాళ్ల కోసం మా కౌంటర్‌లో ఉతికిన దుపట్టాలు ఉంచుతున్నాము. 1617లో మొదలైన ఆ మసీదు నిర్మాణం కుతుబ్‌షాహీల పాలన ముగిసిన తర్వాత, ఔరంగజేబు కాలంలో 1694లో పూర్తయింది.

పదకొండు గంటలకు సాలార్‌జంగ్ మ్యూజియం చేరతాము. ఇక్కడ నేను మొండిగా ఒక నియమం పెట్టుకున్నాను: అన్ని గదులూ చూడము. మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ జీవితమంతా పోగుచేసిన వస్తువులను ఒక పూటలో చూడబోతే కళ్లు అలసిపోయి చివరికి ఏదీ గుర్తుండదు. మేము ముందుగా చూపించేది ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన, మేలిముసుగు వేసుకున్న రెబెక్కా పాలరాతి విగ్రహం. తర్వాత, ఒకే దుంగకు ముందు జర్మన్ నాటకం ‘ఫౌస్ట్’లోని దయ్యం మెఫిస్టోఫిలిస్, వెనుక అదే నాటకంలోని మార్గరెట్టా రూపాలు చెక్కి, వెనుక రూపం కనిపించేలా అద్దం నిలిపిన కొయ్య విగ్రహం. ఆ తర్వాత గడియారం. కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ సంస్థ నుంచి వచ్చిన ఈ గడియారంలో గంట గంటకూ ఒక చిన్న బొమ్మ తలుపు తెరుచుకుని బయటికి వచ్చి, ఎన్ని గంటలైతే అన్నిసార్లు గంట కొట్టి లోపలికి వెళుతుంది. మధ్యాహ్నం పన్నెండుకు పన్నెండు దెబ్బలు కనుక అప్పుడే జనం ఎక్కువ. పది నిమిషాల ముందే వెళ్లి కూర్చోవాలి. చిన్నపిల్లల్ని భుజాల మీద ఎత్తుకున్న తండ్రులు, పల్లెల నుంచి బస్సుల్లో వచ్చిన పెద్దవాళ్లు, బడిపిల్లలు, అందరూ ఒక్కసారిగా మాటలు ఆపేసే క్షణం అది. నా చిన్నప్పుడు మా నాన్నగారు చూపించారు. ఇప్పటికీ నాకు విసుగు పుట్టలేదు.

భోజనం మదీనా చౌరస్తా దగ్గర, ఎవరికి నచ్చింది వారు, ఎవరి ఖర్చు వారిది. ఆ తర్వాత లాడ్ బజార్, అంటే గాజుల బజారు. ఇక్కడే డబ్బు సంగతి చెప్పవలసి ఉంది.

ఇన్నాళ్లూ మా వ్యాను రెండు దుకాణాల ముందు మాత్రమే ఆగేది. మీరు అక్కడ కొన్న ప్రతి 100 రూపాయలకూ 10 రూపాయలు మాకు ముట్టేవి. సగం వ్యాను తోలే మనిషికి, సగం నాకు. ఈ ఏర్పాటు నాకు తెలియకుండా జరిగిందని చెప్పను. మొదటిసారి ఆ డబ్బు తీసుకున్నప్పుడు ఇది వాడుకే కదా అనుకున్నాను, తర్వాత అలవాటైపోయింది. కరీంనగర్ నుంచి వచ్చిన ఒక అక్కగారు 700 రూపాయలు పెట్టి కొన్న గాజుల జత, నాలుగు దుకాణాల అవతల 450కే దొరుకుతున్నదని చూసి వచ్చి నన్ను సూటిగా అడిగారు. ఆ 250 రూపాయలు ఆమెకు ఇచ్చి, ఆ నెల నుంచి కమీషన్ ఆపేశాను. గత ఏడాదిలో మా వ్యానులో వెళ్లి ఆ దుకాణాల్లో కొన్నవాళ్లు రసీదు చూపిస్తే, మాకు ముట్టిన పది శాతం మీకు తిరిగి ఇస్తాను. వాట్సాప్‌లో రసీదు ఫోటో పంపినా చాలు.

ఇకపై లాడ్ బజార్‌లో మేము ఏ దుకాణాన్నీ చూపించము. దానికి బదులు, పక్క గల్లీలో గాజులు తయారుచేసే ఒక చిన్న గదికి, ముందుగా వాళ్ల అనుమతి తీసుకుని, తీసుకువెళతాము. బొగ్గుల కుంపటి మీద లక్క మెత్తబడుతుంది. దానికి రంగు కలిపి, సన్నని తాడులా సాగదీసి, కొలత చూసి గుండ్రంగా వంచుతారు. అసలు పని అక్కడి నుంచి మొదలవుతుంది: లక్క చల్లారి గట్టిపడక ముందే చిన్న చిన్న రాళ్లను, అద్దపు ముక్కలను ఒక్కొక్కటిగా వరుస తప్పకుండా పొదగాలి. గట్టిపడుతున్నదనిపిస్తే గాజును మళ్లీ నిప్పు మీదికి చూపించి, మళ్లీ పొదుగుతారు. నేను చూసిన ఉదయం ఆ పెద్దావిడ మాతో మాట్లాడుతూనే, గాజు వంక తప్ప మరెటూ చూడకుండా, రాయి వెంట రాయి పెట్టుకుంటూ పోయింది. ఈ హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ), అంటే ఈ ప్రాంతానికే చెందిన వస్తువన్న అధికారిక ముద్ర, లభించింది. పది నిమిషాలు ఆ గదిలో కూర్చున్నవాళ్లు ఆ తర్వాత బజారులో బేరమాడే తీరే మారుతుందని నా అనుభవం. ఆ గదిలో ఎనిమిది మందికి మించి కూర్చోలేరు. అందుకే బృందం ఎనిమిది మందికి మించదు.

దారి చూపించేది ఇకపై పాతబస్తీలోనే పుట్టి పెరిగి, డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్న అమ్మాయి. తెలుగు, ఉర్దూ రెండూ చక్కగా మాట్లాడుతుంది. దుకాణాల మీద ఆధారపడకుండా ఆమెకు రోజుకు 1200 రూపాయలు మేమే ఇస్తున్నాము. మీ దగ్గర తలకు 350 రూపాయలు తీసుకుంటాము. అందులో రానూపోనూ మెట్రో టికెట్టు, చాయ్, బిస్కట్ ఉంటాయి. ప్రవేశ టికెట్లు మీరే కొనుక్కోవాలి. ముగ్గురే వస్తే మా చేతికి వచ్చేది 1050 రూపాయలు, అంటే ఆ రోజు నష్టం హాస్టల్‌ది. అయినా ముగ్గురు ఉంటే బయలుదేరతాము. ఇద్దరే ఉంటే ముందు రాత్రే చెప్పి డబ్బు తిరిగి ఇస్తాము. తిరుగు ప్రయాణంలో సిటీ బస్సు ఎక్కుదామనుకునే ఆడవాళ్లు ఒక సంగతి గమనించాలి: 2023 డిసెంబరు 9 నుంచి అమలులో ఉన్న ఉచిత ప్రయాణం తెలంగాణ చిరునామా ఉన్నవాళ్లకే వర్తిస్తుంది, గుర్తింపు కార్డు చూపించాలి. ఆంధ్ర నుంచి వచ్చిన స్నేహితురాలు పక్కనే కూర్చున్నా ఆమె టికెట్టు తీసుకోవలసిందే. మెట్రో రైలులో ఈ సౌకర్యం ఎవరికీ లేదు.

చౌమహల్లాను వదిలేయడం నాకు బాధగానే ఉన్నది. ఖిల్వత్ దర్బారు హాలులోని 19 షాండ్లియర్ల కింద నిలబడడం విడిగా ఒక పూట దక్కవలసిన అనుభవం. మ్యూజియం తర్వాత అలసిన కాళ్లతో చూడవలసింది కాదు. లాడ్ బజార్ నుంచి అది నడక దూరమే కనుక ఓపిక ఉన్నవాళ్లు మా బృందం నుంచి విడివడి వెళ్లవచ్చు. శుక్రవారం పూట మాత్రం మేము గోల్కొండకే వెళతాము, అదొక్కదానికే, ఉదయం ఎండ ముదరక ముందు. కోట ప్రవేశ ద్వారం కింద ఒకరు చప్పట్లు కొడితే పైన, కోట ఎత్తైన చోట ఉన్న బాలా హిసార్ దగ్గర ఉన్నవాళ్లకు వినబడే ఏర్పాటు స్నేహితుల బృందానికి సరిగ్గా సరిపోతుంది: సగం మంది కింద, సగం మంది పైన. కంచర్ల గోపన్నను (భక్త రామదాసును) బంధించిన చెరసాల దగ్గర తెలుగువాళ్లు ఎక్కువసేపు ఆగుతారని తెలుసు. దానికి తగినంత వ్యవధి పెట్టాము.

హాస్టల్‌కు సంబంధించిన మార్పులు రెండే. కాచిగూడ స్టేషన్‌లో తెల్లవారుజామున దిగేవాళ్లు గది మధ్యాహ్నం పన్నెండుకు ఖాళీ అయ్యేదాకా వరండాలో కూర్చోనక్కరలేదు. ఉదయం ఆరు నుంచి స్నానానికి, సామాను లాకరులో పెట్టుకోవడానికి అదనంగా ఏమీ తీసుకోము. రెండవది, రాత్రి పది తర్వాత పడకల గదుల్లో మాట్లాడుకోవద్దని చెబుతూ, మాట్లాడుకోవడానికి చోటు మాత్రం చూపించలేదన్న ఫిర్యాదు న్యాయమైనది. మేడ మీద దీపాలు, చాపలు, ఒక ఫ్లాస్కు నిండా చాయ్ ఏర్పాటు చేశాము. పన్నెండు వరకు అక్కడ ఎంతసేపైనా కూర్చోవచ్చు.

రావాలనుకునేవాళ్లు ముందు రోజు రాత్రి తొమ్మిదిలోపు కౌంటర్‌లో పేరు వ్రాయించండి. ఆ ఐదుగురు స్నేహితురాళ్లకు కూడా కబురు పంపాను; సంక్రాంతి తర్వాత ఒక ఆదివారం చూసుకుని చెబుతామన్నారు. వాళ్ల దగ్గర ఈసారి ఏమీ తీసుకోను. ఆ రోజు నేను కూడా వెంట నడుస్తాను.