బ్యారన్ల సీజన్‌లోనూ ప్రార్థన ఆగకుండా నిలబెట్టినవారికి కృతజ్ఞతలు

ప్రభువైన యేసుక్రీస్తు నామంలో అందరికీ వందనాలు.

టంగుటూరు, కొండపి వైపున్న మా గ్రామ సంఘం తరఫున, స్త్రీల సమాజం తరఫున ఈ నాలుగు మాటలు. బైబిలు చదువుకి, ప్రార్థనకి ఒక క్రమం నేర్పడానికి ఒంగోలు నుంచి వచ్చిన రిటైర్డ్ టీచరమ్మ గారికి, దగ్గర చూపు అద్దాలు తెచ్చి పెట్టిన కందుకూరు కళ్ల డాక్టరు గారికి, ఆడియో బైబిలు మెమరీ కార్డుల్లో ఎక్కించి పంపిన నెల్లూరు యవ్వనస్తులకి, ఉపవాసాల విషయంలో మొహమాటం లేకుండా మాట్లాడిన నర్సమ్మ గారికి, మన విశ్వాసం కాకపోయినా తన బ్యారన్ (పొగాకు ఆకుని వేడితో ఆరబెట్టే కొట్టం) దగ్గర మా వాళ్లు ప్రార్థన చేసుకోవడానికి పందిరి వేయించిన రైతు గారికి మా నిండు కృతజ్ఞతలు. పేర్లు వేయొద్దని వాళ్లే అన్నారు. ఉత్త థ్యాంక్స్ చెప్పి ఊరుకుంటే వాళ్లు చేసిన మేలేంటో ఎవరికీ అర్థం కాదు. అందుకే వాళ్లు నేర్పింది కాస్త విడమరిచి రాస్తున్నాం. పక్క ఊళ్ల సంఘాలకీ పనికొస్తుంది.

ముందుగా టీచరమ్మ గారి సంగతి. మూడు రోజుల ఉజ్జీవ సభలు అయిపోయాక విశ్వాసులు ఎందుకు చల్లబడతారో ఆమె లెక్క వేసి చూపించారు. బైబిల్లో 66 పుస్తకాలు, 1189 అధ్యాయాలు. ఏడాదిలో పూర్తి చేయాలంటే రోజుకి మూడు, ఆదివారం ఐదు అధ్యాయాలు చదవాలి. జనవరి 1న ఆదికాండంతో మొదలుపెట్టినవాళ్లు నాలుగో వారంలో నిర్గమకాండం 25వ అధ్యాయానికి వస్తారు. అక్కడి నుంచి ప్రత్యక్ష గుడారం కొలతలు, తెరలు, దిమ్మలు. అది దాటితే లేవీయకాండం బలుల వివరాలు. సరిగ్గా అదే సమయానికి మన వైపు బ్యారన్లలో పొగాకు కాల్చడం మొదలవుతుంది. చదివేది కష్టంగా ఉంటుంది, ఒంట్లో ఓపిక ఉండదు. నాలుగు రోజులు తప్పితే పన్నెండు అధ్యాయాల బాకీ. బాకీ పడ్డవాడు అప్పు ఇచ్చినవాడి ఎదుటికి రానట్టే, బైబిలు ముందుకి రావడం మానేస్తారు. దీన్నంతా సాతాను శోధన అని సరిపెట్టుకోవద్దు, ఇందులో సగం లెక్క తప్పడమే అన్నారామె.

ఆమె ఇచ్చిన క్రమం చాలా తేలిక. కొత్త నిబంధన 260 అధ్యాయాలు. వారానికి ఐదు రోజులు, రోజుకి ఒకటి చొప్పున చదివితే 52 వారాలకి సరిగ్గా పూర్తవుతుంది. మిగతా రెండు రోజులూ తప్పినవి చదువుకోవడానికి. ఆ రెండు రోజులే ఈ పద్ధతికి ప్రాణం, వాటిలో ఇంకేదీ ఇరికించొద్దని ఆమె పదేపదే చెప్పారు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మార్కు సువార్తతో మొదలుపెట్టాలి, 16 అధ్యాయాలే. తర్వాత లూకా, ఆ వెంటనే అపొస్తలుల కార్యములు. పాత నిబంధన వద్దని కాదు, అందులో కీర్తనలతో మొదలుపెట్టమన్నారు. 119వ కీర్తన 176 వచనాలని భయపడేవాళ్లకి అందులోనే దారి ఉంది. అది ఎనిమిదేసి వచనాల చొప్పున 22 భాగాలు, రోజుకి ఒక భాగం చాలు.

చదివాక మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఇక్కడ దేవుడు ఎలాంటివాడుగా కనిపిస్తున్నాడు? ఇందులో నేను లోబడాల్సిన మాట ఏది? ఈ రోజు అది ఎవరి విషయంలో, ఎక్కడ చేయాలి? మూడో ప్రశ్న దగ్గరే అందరూ జారుకుంటారు. "ప్రేమ కలిగి ఉండాలి" అని రాసుకుంటే లాభం లేదు. "కూలి డబ్బులు తక్కువ ఇచ్చిందని తోడికోడలితో మాట్లాడటం మానేశాను, ఈ సాయంత్రం వెళ్లి మాట్లాడాలి" అని రాసుకోవాలి.

ఇక బ్యారన్ సంగతి. బయటివాళ్ల కోసం ఒక ముక్క: వర్జీనియా పొగాకు ఒక బ్యారన్ కాల్చడానికి ఐదారు రోజులు పడుతుంది. మొదట తక్కువ వేడిలో ఆకు పసుపు రంగుకి తిరగాలి, తర్వాత ఆకు ఎండాలి, ఆఖరికి ఈనె ఎండేటప్పటికి వేడి 70 డిగ్రీల దాకా వెళ్తుంది. రాత్రీ పగలూ మంట చూసుకోవాలి, వేడి ఒక్కసారిగా పడిపోయినా పెరిగినా ఆకు రంగు పోతుంది, వేలంలో ధర పోతుంది. మగవాళ్లు మంట దగ్గర, ఆడవాళ్లు కర్రలకు ఆకు కట్టే దగ్గర. ఇంట్లో అందరూ ఒక చోట కూర్చునే గంటే ఉండదు. అలాంటప్పుడు "రాత్రి ఎనిమిదికి కుటుంబ ప్రార్థన" అని గడియారానికి కట్టిన ప్రార్థన మొదటి వారంలోనే తెగిపోతుంది.

టీచరమ్మ గారు ప్రార్థనని గడియారానికి కాకుండా పనికి కట్టమన్నారు. కట్టెలు ఎగదోసి థర్మామీటరు చూశాక మళ్లీ చూసేదాకా కాస్త వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధిలో ఒక కీర్తన, ప్రభువు నేర్పిన ప్రార్థన, ఇద్దరి కోసం విజ్ఞాపన. పది నిమిషాలు దాటదు. ఇంటి దగ్గరున్నవాళ్లు అన్నం వార్చేటప్పుడో, పిల్లల్ని పడుకోబెట్టేటప్పుడో అదే కీర్తన చదువుకుంటారు. చోట్లు వేరు, వాక్యం ఒకటి. దానియేలు రోజుకి మూడుసార్లు మోకరించింది కూడా చేతినిండా రాజ్యం పని పెట్టుకునే. రైతు గారు వేయించిన పందిరి విలువ ఇక్కడ తెలుస్తుంది. అందులో ఒక బల్బు, ఒక చాప, ఒక నీళ్ల బిందె. అంతకన్నా ఏమీ అక్కర్లేదు. అయ్యా, మీ చలవ.

చీమకుర్తి క్వారీల్లో షిఫ్టులు చేసేవాళ్లకి, రొయ్యల చెరువుల దగ్గర రాత్రి కాపలా ఉండేవాళ్లకి ఇదే పద్ధతి కొద్ది మార్పుతో సరిపోతుంది.

కళ్లద్దాల గురించి చెప్పకపోతే తప్పు. "ఈ మధ్య వాక్యం మీద ఆశ తగ్గింది" అనే పెద్దమ్మల్లో చాలామందికి తగ్గింది ఆశ కాదు, చూపు. నలభై దాటాక దగ్గరి అక్షరాలు మసకబారడం అందరికీ వచ్చేదే. మన బైబిళ్లలో అక్షరం చిన్నది, కాగితం పల్చన, వెనక పేజీ అచ్చు కూడా కనిపిస్తుంది. డాక్టరు గారు ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, కీర్తనల పేజీ తెరిచి, చేతికందేంత దూరంలో పెట్టి చదివించి మరీ నంబరు చూశారు. శుక్లాలు ఉన్నవాళ్లకి అద్దాలు ఇచ్చి పంపేయకుండా ఆపరేషన్‌కి చీటీ రాశారు. ఇంకో సంఘం వాళ్లు ఇది చేయాలనుకుంటే ఒక్క మాట: ఒకే నంబరు అద్దాలు డజను కొని పంచొద్దు. సరిపోని అద్దంతో తలనొప్పి వస్తుంది, నాలుగో రోజు అది అటక మీదికి పోతుంది. పెద్ద అక్షరాల బైబిలు బైబిల్ సొసైటీ వాళ్ల దగ్గర దొరుకుతుంది, బరువెక్కువ కాబట్టి ఒళ్లో దిండు పెట్టుకుని చదవాలి.

చదువు రానివాళ్లకి నెల్లూరు తమ్ముళ్లు పంపిన కార్డులు. వాళ్లు ఒక తెలివైన పని చేశారు. బైబిలు మొత్తం ఒకే వరసలో ఎక్కించకుండా, ఒక్కో సువార్తకి ఒక్కో ఫోల్డరు పెట్టి, ఆ ఫోల్డరు మొదట్లో పుస్తకం పేరు గొంతుతో చెప్పించారు. తెర మీది అక్షరాలు చదవలేనివాళ్లకి కూడా ఎక్కడున్నారో తెలిసిపోతుంది. వింటూ నిద్రపోతారని ఎవరో నవ్వారు. నిద్రపోనివ్వండి, సీరియల్ వింటూ పోవడం కన్నా నయమే కదా.

కంఠత వాక్యాల విషయంలో పిల్లలకి బహుమతి పెట్టి వదిలేస్తే వచ్చే ఆదివారానికి మర్చిపోతారు. వారానికి ఒక్క వచనం. రిఫరెన్సు ముందూ చెప్పాలి, వెనకా చెప్పాలి. నేర్చుకున్న రోజు మూడుసార్లు, మర్నాడు ఒకసారి, మూడో రోజు, ఏడో రోజు, తర్వాత నెలకొకసారి. 1, 23, 100, 121 కీర్తనలు నాలుగూ కలిపి 25 వచనాలు. ఆరు నెలల్లో వచ్చేస్తాయి, ముసలితనం దాకా ఉంటాయి.

నర్సమ్మ గారి మాటలు కొందరికి మింగుడు పడలేదు, కానీ ఆమె చెప్పిందే సరైనది. ఇన్సులిన్ వేసుకునేవాళ్లు, షుగర్ మాత్రలు వాడేవాళ్లు డాక్టర్ని అడగకుండా ఉపవాసం ఉండకూడదు. మాత్ర వేసుకుని అన్నం మానేస్తే షుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు, గుండెదడ, మాట తడబడటం. దాన్ని చూసి "ఆత్మ దిగింది" అనుకుని చుట్టూ చేరి పాటలెత్తుకోవద్దు. స్పృహ ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించాలి. పావుగంటలో తేరుకోకపోతే ఇంకోసారి ఇచ్చి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు, 108కి ఫోను చేయాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఉపవాసం జోలికి వెళ్లొద్దు. బీపీ మాత్ర ప్రార్థన పేరుతో ఆపొద్దు. ఎండాకాలంలో నీళ్లు మానడం భక్తి కాదు, వడదెబ్బకి పిలుపు. మధ్యాహ్నానికి వచ్చే తలనొప్పి చాలామందికి కాఫీ, టీ మానినందువల్లే వస్తుంది. నాలుగు రోజుల ముందు నుంచి కొంచెం కొంచెం తగ్గించుకుంటే రాదు. సాయంత్రం ఉపవాసం విడిచేటప్పుడు గంజో, పల్చటి మజ్జిగో, రెండు ఇడ్లీలో తినాలి. బిర్యానీ పొట్లాలు ఆ పూటకి వద్దు. అన్నం మానలేనివాళ్లు ఫోను మానొచ్చు, అది ఇంకా కష్టమని ఆమే నవ్వుతూ అన్నారు.

యెషయా 58వ అధ్యాయం ప్రకారం ఉపవాసంలో మిగిలింది ఆకలిగొన్నవాడికి చేరాలి. మన సంఘాల్లో తరతరాలుగా ఉన్న పిడికెడు బియ్యం అలవాటుకి దీన్ని జతచేశారు టీచరమ్మ గారు. ఎసట్లో పోయబోయే బియ్యంలోంచి పూటకో పిడికెడు తీసి డబ్బాలో వేయాలి. ఒక్కో ఇంటికి నెలకి సుమారు రెండు కిలోలు అవుతుంది. తడి చేత్తో తీస్తే ముక్క వాసన వస్తుంది, రెండు నెలలు ఉంచితే పురుగు పడుతుంది. ఎండిన వేపాకు నాలుగు వేసి, ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభువు బల్లకి (రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆరాధనకి) వచ్చేటప్పుడు తెచ్చేయాలి. అది పాస్టరు గారి గదిలో మూట కట్టి ఉంచడానికి కాదు, ఆ వారమే విధవరాళ్లకీ మంచాన పడ్డవాళ్లకీ చేరాలి.

ఆత్మీయంగా ఎండిపోయినట్టు అనిపించేవాళ్లకి ఆమె మొదటి రాజులు 19వ అధ్యాయం చదివించారు. ఏలీయా చనిపోతే బాగుండునని బదరీచెట్టు కింద పడుకుంటే దేవదూత ముందు ప్రసంగం చేయలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చాడు, పడుకోనిచ్చాడు, మళ్లీ లేపి తినమన్నాడు. దేవుడి మాట ఆ తర్వాతే వచ్చింది. కాబట్టి ప్రార్థన రాకపోతే ముందు చూసుకోవాల్సినవి నిద్ర, తిండి, ఒంట్లో రక్తం. అవి సరిగ్గా ఉండి కూడా మనసు బరువుగానే ఉంటే 13, 42, 88 కీర్తనలు గొంతెత్తి చదవాలి. 88వ కీర్తన చీకట్లోనే ముగుస్తుంది, ఎక్కడా సర్దిచెప్పదు. అలాంటి ప్రార్థన కూడా బైబిల్లోనే ఉందని తెలిస్తే ఊరికే నవ్వు మొహం పెట్టాల్సిన పనుండదు. నెలల తరబడి అలాగే ఉంటే డాక్టరుకి చూపించుకోవడం అవిశ్వాసం కాదు.

డిసెంబరు 31 రాత్రి కొత్త ఏడాది కోసం ఒక్కొక్కరూ తీసే వాగ్దాన కార్డు (బైబిలు వచనం రాసిన చీటీ) గురించి కూడా గట్టిగానే చెప్పారు. యిర్మీయా 29లో 11వ వచనం కార్డు ఎవరికొచ్చినా సంతోషమే. దాని పైనున్న 10వ వచనం ఎవరూ చదవరు. అందులో బబులోనులో డెబ్బై ఏళ్లు గడవాలని ఉంది. కార్డు లాటరీ టికెట్టు కాదు, వచ్చిన వచనం ఉన్న అధ్యాయమంతా ఆ వారంలో చదవాలి.

ప్రార్థన పుస్తకానికి మూడు గళ్లు: తేదీ, విషయం, జవాబొచ్చిన తేదీ. పేర్లు ఎక్కువైతే రేషన్ షాపు జాబితా చదివినట్టు అవుతుంది కాబట్టి వారంలో రోజుల వారీగా పంచుకోవాలి. మూడో గడి ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్నా కొట్టివేయొద్దు. ఇందుకు ఒంగోలు ప్రార్థన కొండే సాక్ష్యం. అమెరికా మిషనరీలైన జ్యూయెట్ దొర దంపతులు కొందరు తెలుగు విశ్వాసులతో కలిసి 1854 జనవరి 1 తెల్లవారుజామున ఆ కొండ మీద ఒంగోలుకి ఒక సేవకుణ్ని పంపమని ప్రార్థించారు. ఆ ప్రార్థనకి జవాబుగా మిషనరీ క్లౌ దొర ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. గుండ్లకమ్మలో వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2222 మంది బాప్తిస్మం పొందింది 1878 జూలై 3న. ఆ పెద్ద అంకె అందరికీ నోటికొచ్చు, మధ్యలో గడిచిన ఏళ్లు ఎవరూ చెప్పరు.

విశ్వాసుల మధ్య తగాదాలకి మత్తయి 18లో మూడు మెట్లున్నాయి: ముందు ఒంటరిగా వెళ్లి మాట్లాడాలి, వినకపోతే ఒకరిద్దర్ని తీసుకెళ్లాలి, అప్పుడూ వినకపోతే సంఘానికి చెప్పాలి. ఇప్పుడు చాలాచోట్ల మూడో మెట్టుతోనే మొదలవుతోంది, అదీ వాట్సాప్ గ్రూపులో. బల్ల ఆదివారానికి ముందు శనివారం సాయంత్రం మొదటి మెట్టు కోసం ఖాళీ పెట్టుకోమన్నారు.

చదివే క్రమం, కంఠత వాక్యాల చార్టు, ఉపవాసంలో జాగ్రత్తలు ఒకే కాగితం మీద రెండు వైపులా వచ్చేట్టు రాసి ఉంచాం. కావాల్సిన సంఘాలవాళ్లు ఆదివారం ఆరాధన అయ్యాక వస్తే ఇస్తాం, జిరాక్సు ఖర్చు మాత్రం మీదే. శ్రమల దినాల (ఈస్టరుకి ముందు ఉపవాస రోజుల) ముందు వచ్చేవాళ్లు షుగర్, బీపీ ఉన్నవాళ్ల జాబితా కూడా వెంట తెచ్చుకోండి. నర్సమ్మ గారు మళ్లీ వస్తానని మాటిచ్చారు, ఎవరు ఏ మాత్ర వాడుతున్నారో చూసి విడివిడిగా చెప్తారట.