ఆ నాలుగు టిల్డేలు కొట్టరా

ఒరేయ్ మామా,

రెండుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. అందుకే ఈ ఉత్తరం. పూర్తిగా చదవకుండా బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకున్నావో, ఈసారి ఇంటికొస్తే టీ కూడా ఇవ్వను.

తెలుగు వికీపీడియాలో నిన్ను నిర్వాహకుడిగా ప్రతిపాదిద్దామని కూర్చున్నాను. నాలుగు ముక్కలు రాసి నా ప్రయోగశాలలో, అదే వికీలో చిత్తుప్రతులు రాసుకునే నా పేజీలో, దాచాను. అయితే నేను రాస్తే సరిపోదు, కింద నువ్వు 'సమ్మతమే' అని సంతకం పెట్టాలి. వికీలో సంతకమంటే నాలుగు టిల్డే గుర్తులు (~~~~) కొట్టడమేగా, నీ చేత ఆ నాలుగు టిల్డేలు కొట్టించడమే నా టెన్షన్.

"నాకెందుకురా, ఏవో ఊళ్ల పేజీలు దిద్దుకుంటాను" అంటావు. అలా అనేవాడే కావాలి. పదవి అనగానే ఉరికొచ్చేవాణ్ణి చూస్తే నాకు భయం. అసలు ఇదేం పదవని? జీతం లేదు. పనికిరాని పేజీని తొలగించొచ్చు, కొట్లాట జరుగుతున్న పేజీకి తాళం వేయొచ్చు, అల్లరివాణ్ణి నిరోధించొచ్చు. వ్యాసంలో ఏముండాలన్న దగ్గర మాత్రం నీ మాటా, నిన్న చేరినవాడి మాటా ఒకటే.

నిర్వాహకుడు కావడం అంత పెద్ద విషయమేం కాదని వికీపీడియా స్థాపకుల్లో ఒకడైన జిమ్మీ వేల్స్ 2003లోనే అన్నాడు. జనం వింటేగా! ఇంగ్లీషు వికీలో ఒకరి పేరు పెడితే వారం రోజులు ప్రశ్నలే ప్రశ్నలు, ఎప్పుడో విసుగులో అన్న మాట కూడా తవ్వి తీస్తారు. 2007లో అక్కడ 400 మందికి పైగా నిర్వాహకులయ్యారు, 2018లో పది మంది. చివరికి 2024లో రహస్య ఓటింగ్ పెట్టి చూశారు.

డెబియన్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసే వాళ్లది ఇంకా తమాషా. ఏటా నాయకుణ్ణి ఎన్నుకుంటారు, ఎవరి పేరు వాళ్లే ఇచ్చుకోవాలి. 2019లో గడువు దాటినా ఒక్క పేరూ రాలేదు! ఇంకో వారం పొడిగిస్తే ఐదుగురు దిగారు, సామ్ హార్ట్‌మన్ గెలిచాడు. పెళ్లిలో మొదటి బంతికి ఎవరూ కూర్చోరు చూడు, ఒకడు కూర్చున్నాడా, ఇక ఆకులు చాలవు.

ఆ రాత్రి గుర్తుందా? ఎవడో కుర్రాడు తన ఊరి పేజీ మొత్తం చెరిపేసి 'హ్యాపీ బర్త్‌డే అన్నా' అని నింపేశాడు. నేనైతే తిట్టేవాణ్ణి. నువ్వు ఆ మార్పు రద్దు చేసి, అతని చర్చ పేజీలో 'మీ ఊరి చెరువు పేరు వ్యాసంలో లేదు, తెలిస్తే చేర్చండి' అని రాశావు. మర్నాడు చేర్చాడు. మూలం ఇవ్వలేదని మళ్లీ నువ్వే తీసేశావు, అది వేరే సంగతి! ప్రతిపాదనలో ఇదే రాశాను. నీ దిద్దుబాట్ల లెక్క జోలికి పోలేదు.

ఒక్క చిక్కుంది. పోయిన వేసవిలో రెండు నెలలు పత్తా లేకుండా పోయావు, ఎవరో ఒకరు అడుగుతారు. అమ్మమ్మకి ఒంట్లో బాలేదని ఉన్నదున్నట్టు చెప్పు. 'వ్యతిరేకం' పడితే దాని కింద వాదనకు దిగకు. మన బ్యాచ్‌లో ఎవరికీ 'వచ్చి అనుకూలం అనండ్రా' అని చెప్పకు, నేనూ చెప్పను. అప్పటికప్పుడు ఖాతా తెరిచి వేసే ఓట్లు నిన్నే ముంచుతాయి.

ఆదివారంలోగా చెప్పు. వద్దంటే బలవంతపెట్టను, ఆ చిత్తుప్రతి పేజీ తీసేయిస్తాను. దానికి కూడా ఎవరో ఒక నిర్వాహకుణ్ణి బతిమాలుకోవాలి, ఖర్మ!

నీ
మామ