మన ఉర్దూ పఠన బృందం వార్షిక నివేదిక (2024 ఏప్రిల్ – 2025 మార్చి)

సభ్యులందరికీ నమస్కారం.

ముందు లెక్క చెప్పేస్తాను. ఈ ఏడాది పది సమావేశాలు జరిగాయి. మేలో ఎండకు భయపడి పెట్టలేదు. డిసెంబరులో, మాట ఇచ్చిన హాలు వాళ్లు రెండు రోజుల ముందు పెళ్లి బుకింగ్ వచ్చిందని చెప్పడంతో మానుకున్నాం. అధ్యక్షులు గారైతే ఇంతటితో నివేదిక ముగించవచ్చన్నారు. కానీ ఈ ఏడాదంతా మన మధ్య నడిచిన గొడవ రాయకపోతే నివేదికకు అర్థం లేదు.

గొడవ ఏమిటో మీకు తెలుసు. గజల్ సాయంత్రం అంటే కుర్చీలు చాలవు. కథ చదువుతామంటే చాయ్ మిగిలిపోతుంది. "ఉర్దూ అంటే మనకు షాయరీ ఒక్కటేనా, ఆ భాషలో వచనం రాసినవాళ్లు లేరా?" అని గత సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యురాలు నిలదీశారు. దాంతో సగం సమావేశాలు వచనానికే ఇవ్వాలని కార్యవర్గం తీర్మానించింది. ఇద్దరు సభ్యులు అలిగి రెండు నెలలు రాలేదు. తర్వాత వచ్చారు, సంతోషం.

ఏప్రిల్, జూన్ సమావేశాలు దక్కనీకి, అంటే మన దక్కన్‌లో పుట్టిన పాత ఉర్దూకి, పోయాయి. మన హైదరాబాద్ కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా పండ్ల మీద, పండగల మీద, వానాకాలం మీద రాసిన పద్యాలు విన్నాం. ఆయన ఆస్థానంలో ఉన్న వజ్హీ, ఆయన పోయాక 1635లో రాసిన 'సబ్‌రస్' ఉర్దూ వచనంలో తొలినాటి గొప్ప రచన. అంటే ఆ భాషలో సాహిత్య వచనం ఇంత తొందరగా పుట్టింది మన గోల్కొండలోనే. ఈ మాట వినగానే వచనం పక్షం వాళ్లు బల్లలు చరిచారు.

ఆగస్టు 25న కవి మఖ్దూం మొహియుద్దీన్ వర్ధంతి. ఉమ్మడి మెదక్ జిల్లా అందోలులో 1908లో పుట్టి, సిటీ కాలేజీలో పాఠాలు చెప్పి, ఉద్యోగం వదిలి కార్మికుల్లోకి వెళ్లిన మనిషి. ఆయన కవితాసంపుటి 'సుర్ఖ్ సవేరా' 1944లో వచ్చింది. 'బిసాతె రక్స్'కు సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చిన 1969లోనే ఢిల్లీలో కన్నుమూశాడు. ఆ రోజు ఎక్కువసేపు మాట్లాడుకున్నది మాత్రం ఒక్క గజల్ గురించే. 'ఆప్‌కీ యాద్ ఆతీ రహీ రాత్ భర్' మఖ్దూం రాశాడు. 1978లో 'గమన్' సినిమాలో ఛాయా గంగూలీ పాడితే దేశమంతా విన్నది. మఖ్దూం పోయాక పాకిస్తాన్ కవి ఫైజ్ అహ్మద్ ఫైజ్ ఆయన్ని తలచుకుంటూ అదే మాటలతో మొదలుపెట్టి మరో గజల్ రాశాడు. మొదట మఖ్దూంది, ఆ వెంటనే ఫైజ్‌ది చదివించాం. ఆ గదిలో ఒక్క ఫోనూ మోగలేదు, మన దగ్గర ఇది అరుదు.

సెప్టెంబరు 28న హాలు వద్దనుకుని అఫ్జల్‌గంజ్ వెళ్లాం. 1908లో మూసీ ఊరిని ముంచింది ఆ రోజే. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఇప్పటికీ నిలిచి ఉన్న చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది దాకా బతికారని చెబుతారు. ఆ చెట్టు కింద నిలబడి అంజద్ హైదరాబాదీ గురించి చెప్పుకున్నాం. ఆ వరదలో ఆయన తల్లి, భార్య, కూతురు కళ్ల ముందే కొట్టుకుపోయారు. ఆయన ఒక్కడే బయటపడ్డాడు. ఆ తర్వాత చాలా ఏళ్లు బతికి, 1961లో పోయేదాకా రుబాయీలు రాస్తూనే ఉన్నాడు. రుబాయీ అంటే నాలుగే పాదాలు. మూడోది తప్ప మిగతా మూడింటికీ ప్రాస కలవాలి. అంత దుఃఖాన్ని నాలుగు పాదాల్లో పట్టించిన మనిషిని తెలుగువాళ్లకు పరిచయం చేసింది ఆదిలాబాద్‌కు చెందిన సామల సదాశివ గారు. ఆయన తెలుగు చేసిన అంజద్ రుబాయీలు ఆ చెట్టు కింద ఆరు చదివాం. ఏడోది చదువుతుండగా వాన మొదలైంది. అందరం ఆసుపత్రి వరండాలోకి పరుగెత్తాం. ఆ రోజున, ఆ చోట వాన పడటం మీద ఎవరూ జోకులు వేయలేదు.

నవంబరులో నాంపల్లి యూసుఫైన్ దర్గాకు వెళ్లాం. ఢిల్లీ నుంచి వచ్చి ఆరో నిజాముకు కవిత్వంలో గురువైన దాగ్, ఆయనకు పోటీ అనిపించుకున్న అమీర్ మీనాయీ, ఇద్దరి సమాధులూ అక్కడే. అల్లామా ఇక్బాల్ కుర్రతనంలో తన గజళ్లు దిద్దమని పోస్టులో పంపింది ఈ దాగ్‌కే. అక్కడి నుంచి మౌలాలి గుట్ట కిందున్న మహ్ లఖా బాయి చందా సమాధికి వెళ్లాం. తన దీవాన్ (కవితల సంపుటి) తానే కూర్చుకున్న తొలి ఉర్దూ కవయిత్రుల్లో ఆమె ఒకరు. బస్సు ఆలస్యమై అక్కడ పావుగంటే ఉండగలిగాం. మళ్లీ వెళ్లాలి.

ఇక వచనం. 'ఉమ్రావ్ జాన్ అదా' నవల అంటే అందరికీ లక్నో గుర్తొస్తుంది. అది రాసిన మీర్జా హాదీ రుస్వా ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం పెట్టిన అనువాద విభాగంలో పనిచేసి, 1931లో మన హైదరాబాద్‌లోనే పోయాడని మనలో సగం మందికి ఆ రోజే తెలిసింది.

కృష్ణ చందర్ 'జబ్ ఖేత్ జాగే' మీద అనుకున్న గంట మూడు గంటలైంది. బొంబాయి రచయిత తెలంగాణ రైతాంగ పోరాటం మీద ఉర్దూలో రాసిన నవల ఇది. ఉరికంబం ఎక్కబోయే రాఘవరావు అనే యువకుడు జైల్లో చివరి రాత్రి తన బతుకును తలచుకోవడమే కథ. గౌతమ్ ఘోష్ తీసిన 'మా భూమి' సినిమాకు ఆధారం ఇదేనని తెలియనివాళ్లు ఆ రోజు చాలామంది. సూర్యాపేట వైపు నుంచి వచ్చిన పెద్దాయన మాత్రం ఒప్పుకోలేదు. "మా ఇండ్లల్ల ఇట్ల మాట్లాడరు. ఆయన మంచి మనసుతో రాసిండు గానీ, వెట్టి చేసినోని నడుం నొప్పి ఆయనకు తెల్వదు" అన్నారు. నా మటుకు నాకు ఆయన మాట నిజమే అనిపించింది. అయినా ఆ నవల చదవాల్సిందే అని కూడా అనిపించింది. ఉర్దూ నుంచి తెలుగు నేల మీదికి వచ్చి, మళ్లీ తెలుగు సినిమాగా మన చేతికి అందిన కథలు ఎన్నున్నాయి?

జనవరి 18న ఉర్దూ కథకుడు మంటో వర్ధంతి. లాహోర్‌లో 1955లో పోయేనాటికి ఆయన వయసు 42. దేశవిభజనకు ముందు మూడుసార్లు, తర్వాత మూడుసార్లు అశ్లీలం కేసు ఎదుర్కొన్నాడు. 'టోబా టేక్ సింగ్' మొత్తం చదివాం. దేశాలు విడిపోయాక పిచ్చాసుపత్రుల్లోని వాళ్లను కూడా పంచుకోవాలని రెండు ప్రభుత్వాలు నిర్ణయిస్తాయి. తన ఊరు ఎటుపోయిందో తేలని బిషన్ సింగ్ చివరికి ఏ దేశానికీ చెందని నేల ముక్క మీద పడిపోతాడు. చదవడం అయ్యాక చర్చ అన్నాం, ఎవరూ నోరు విప్పలేదు. అలిగి వెళ్లిన ఇద్దరూ ఆ రోజు వచ్చారు. ఇస్మత్ చుగ్తాయ్ కథలు కూడా ఆ నెలలోనే ఉండాల్సింది, సమయం చాలలేదు.

ఫిబ్రవరిలో జరిగిన పొరపాటుకు బాధ్యత నాదే. గాలిబ్ సమావేశం ఆహ్వానపత్రం మీద, 'ముఖం మీద దుమ్ముంటే జీవితమంతా అద్దం తుడుస్తూ కూర్చున్నాను' అనే అర్థం వచ్చే షేర్ (రెండు పాదాల కవిత) ఆయన పేరుతో అచ్చు వేయించాను. వాట్సాప్‌లో వచ్చింది, బాగుంది అనుకున్నాను. మన రిటైర్డ్ ఉర్దూ మాస్టారు కార్డు చూసి, "ఇది గాలిబ్ దీవాన్‌లో లేదు. అసలు ఛందస్సే కుదరలేదు" అన్నారు. రెండు వందల కార్డులు అట్టపెట్టెలో ఉన్నాయి, వెనక వైపు చిత్తు రాసుకోవడానికి ఎవరికైనా కావాలంటే తీసుకోండి. ఇకపై పుస్తకంలో చూడకుండా ఏదీ అచ్చుకు పంపకూడదని కార్యవర్గం తీర్మానించింది. ఆ టెన్షన్‌లో నేను సరిగ్గా వినలేదు గానీ, సమావేశం బాగానే జరిగిందట. కవితలు దాశరథి గారు తెలుగు చేసిన 'గాలిబ్ గీతాలు' నుంచి చదివారు. ఆ తర్వాత గాలిబ్ ఉత్తరాలు తీశారు. ఉత్తరాన్ని ముఖాముఖి మాటలా మార్చేశానని ఆయనే ఒక స్నేహితుడికి రాసుకున్నాడు. 1857 తర్వాత పాడుబడిన ఢిల్లీ, రాని పెన్షన్, పోయిన మిత్రులు, అన్నీ ఆ ఉత్తరాల్లో ఉన్నాయి. కవిత్వం పక్షం, వచనం పక్షం రెండూ ఆ ఒక్క మనిషి దగ్గర రాజీపడ్డాయి.

లిపి తరగతి సంగతి. పద్నాలుగు మందితో మొదలై ఐదుగురితో ముగిసింది. జకారం లాంటి ఒక్క ధ్వనికే నాలుగు అక్షరాలు (జే, జాల్, జాద్, జోయ్), సకారానికి మూడు. అవైనా కంఠస్థం చేయవచ్చు. కానీ హ్రస్వాల గుణింతాలు చాలావరకు రాయనే రాయరు, చదివేవాడే ఊహించుకోవాలి. ప్రతి గుడీ కొమ్మూ రాసుకునే మనకు అది పెద్ద దెబ్బ. చివరిదాకా నిలిచిన ఐదుగురిలో ముగ్గురు వచ్చింది షాయరీ కోసం కాదు, ఇంట్లో బీరువాలో ఉన్న తాతల నాటి భూమి కాగితాలు చదువుకుందామని. ఒకాయన తన తాత సంతకం గుర్తుపట్టి ఫొటో మన గ్రూపులో పెట్టారు, చూసే ఉంటారు.

జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా ఇస్తారు. చందా ఏడాదికి మూడు వందలే, పదకొండు మంది ఇంకా ఇవ్వలేదు. వచ్చే ఏడాది ఖుర్రతుల్ ఐన్ హైదర్ 'ఆగ్ కా దరియా'ను నాలుగు నెలలు చదవాలని ప్రతిపాదన ఉంది. లావుపాటి పుస్తకం, వేల ఏళ్ల కథ, ఇప్పటికే గొణుగుడు మొదలైంది. జీలానీ బానో కథలు ముందు పెట్టమని మరికొందరి కోరిక. ఓటింగ్ ఈ నెల మూడో ఆదివారం సాయంత్రం ఐదింటికి. హాలు వాళ్లు ఈసారి రసీదు ఇచ్చారు.

మీ కార్యదర్శి