వార్డు నుంచి చట్టసభకు

సంపాదకులకు,

ఆర్యా, 1999లో స్కాట్లాండ్‌లోని ఆబర్డీన్ నగర కౌన్సిల్‌కు ఎన్నికైన కెవిన్ స్టీవర్ట్, 2011లో స్కాటిష్ పార్లమెంటుకు వెళ్లి, 2016 నుంచి 2021 వరకు స్థానిక పాలన, గృహనిర్మాణ బాధ్యతలు చూశారు. నిధుల కోసం ఎదురుచూసే కౌన్సిల్ బల్ల దగ్గర ఏళ్ల తరబడి కూర్చున్న మనిషికే ఆ శాఖ దక్కడం సముచితమని నా అభిప్రాయం. అయితే 2012 వరకు ఆయన కౌన్సిల్, పార్లమెంటు రెండింటిలోనూ సభ్యుడిగా కొనసాగడం నాకు నచ్చలేదు. ఉప ఎన్నిక ఖర్చు కలిసొస్తుందన్నది నిజమే గానీ, వీధిలో గుంత పూడ్చమని అడగవచ్చిన వృద్ధురాలికి తన సభ్యుడు పూర్తికాలం అందుబాటులో ఉండాలి కదా. 2023లో రవాణా మంత్రి పదవి నుంచి తప్పుకుంటూ, మానసిక అనారోగ్యమే కారణమని దాపరికం లేకుండా చెప్పిన ఆయన ధైర్యాన్ని మాత్రం మనస్ఫూర్తిగా గౌరవిస్తున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు