పదహారు పేజీలు మళ్లీ వేయించాను

అందరికీ నమస్కారం. నా దగ్గర పుస్తకాలు కంపోజ్ చేయించుకునే వాళ్లలో కొందరికి విషయం ఈపాటికే తెలిసి ఉంటుంది. అయినా వాళ్ల నోటా వీళ్ల నోటా వినేకంటే నేనే చెప్పడం మర్యాద. 2021 మే నెలలో నా చేతి మీదుగా వచ్చిన ఒక కథల పుస్తకంలో ఏడో ఫారం (ఒకే షీటు మీద కలిపి అచ్చేసే పదహారు పేజీలు), అంటే 97 నుంచి 112 దాకా పేజీలు, ఒత్తులన్నీ ఊడిపోయి అచ్చయ్యాయి. ‘స్త్రీ’ ఉండాల్సిన చోట ‘స్‌త్‌రీ’ అని పడింది. ఐదు వందల కాపీలకు బైండింగ్ కూడా అయిపోయాక చూశాం.

ఎలా జరిగిందంటే, నేనిచ్చిన పీడీఎఫ్ సరిగానే ఉంది, ఇప్పటికీ నా దగ్గరుంది. ఆఖర్లో రచయిత గారు ఒక పేరా మార్చమన్నారు. నాకప్పుడు కోవిడ్ అని తేలి గదిలో పడుకుని ఉన్నాను. రెండు రోజులు ఆగమని ప్రెస్‌కి ఫోన్ చేశాను. మే 5 నుంచి మధ్యాహ్నం పన్నెండు దాటితే కర్ఫ్యూ, ఉన్న పనంతా పొద్దున ఆరు నుంచి పన్నెండులోపే తెమలాలి, వాళ్ల తొందర వాళ్లది. కానీ ఆగలేదు. రచయిత గారి దగ్గర యూనికోడ్ మేటర్ (ఫోన్లలో టైపయ్యే తెలుగు) తెప్పించుకుని, ఆ ఫారం మొత్తం వాళ్ల పాత సాఫ్ట్‌వేర్‌లో మళ్లీ పేజీలు కట్టేశారు. అందులో డీటీపీ వాళ్లు పాతకాలం నుంచి వాడే అను ఫాంట్లయితే బాగానే వస్తాయి, యూనికోడ్ పెడితే ఒత్తులు అక్షరానికి అతకవు. మిగతా ఫారాలన్నిటికీ మొదటి షీటు ఫోటో వాట్సాప్‌లో పంపినవాళ్లు దీనికి మాత్రం పంపలేదు. అడిగితే “ఒక్క పేరానే కదండీ” అన్నారు. ఆ మాట ఇంకా మింగుడు పడలేదు. పంతొమ్మిదేళ్లుగా షీటు మిషన్ మీంచి దిగగానే ఇంకు తడి ఆరకముందే చూసి, అప్పుడు రన్ వేయమనే మనిషిని నేను.

రచయిత గారు రిటైరైన తెలుగు మాస్టారు. “తప్పొప్పుల పట్టిక ఒకటి పెట్టి వదిలేద్దాం నాయనా, నీ ఒంట్లో బాలేదు” అన్నారు. మా ఆవిడ కూడా అదే అంది, అసలే ఈ ఏడాది పని లేదు కదా అని. మూడు రాత్రులు నిద్ర పట్టలేదు. పదహారు పేజీల్లో ప్రతి వాక్యమూ విరిగిపోతే పట్టికలో ఏం రాస్తాం? ప్రెస్ వాళ్లు కాగితం ఖర్చులో సగం ఇస్తామన్నారు. తీసుకోలేదు. తీసుకుంటే మిగతా సగం తప్పు నాదని ఒప్పుకున్నట్టే. వేరే ప్రెస్‌లో ఆ ఫారం వేయించి, పుస్తకాలు విప్పించి, కొత్త కవర్లతో మళ్లీ బైండింగ్ చేయించాను. అంచులు రెండోసారి కోయడం వల్ల పుస్తకం కాస్త చిన్నదైంది, అది చూసినప్పుడల్లా బాధగానే ఉంటుంది.

అసలు ఈ మార్పులన్నీ 2020 మార్చిలో మొదలయ్యాయి. లాక్‌డౌన్ వచ్చాక విజయవాడ గవర్నర్‌పేటలో నేను పని చేసుకునే గదికి నాలుగు నెలలు అద్దె కట్టి, ఇక కట్టలేక ఖాళీ చేశాను. మీరొచ్చి నా పక్కన కుర్చీ వేసుకుని ప్రూఫులు దిద్దే అలవాటు అక్కడితో ఆగిపోయింది. చేతిరాత కాగితాలు రావడం తగ్గి, మీలో చాలామంది నోటితో చెబితే ఫోనే టైప్ చేసే మేటర్ పంపడం మొదలుపెట్టారు. అందుకే నేనూ అను వదిలి యూనికోడ్‌కి మారాను. మీకు సులువైంది, సంతోషమే. కానీ నా రాబడిలో సగం టైపింగే, అది పోయింది. పైగా ఫోన్ రాసిన మేటర్‌లో ల, ళలు తారుమారు, ణ ఉండాల్సిన చోట న, వాక్యం ఎక్కడ ఆగిందో తెలియదు. దాన్ని బాగు చేసేకంటే కొత్తగా టైప్ చేసుకోవడమే తేలిక. ఏడాదిగా ఊరికే చేశాను, ఇకనుంచి దానికి పేజీకి ఇంతని తీసుకుంటాను. చేతిరాత పంపేవాళ్లకు పాత రేటే.

గది మళ్లీ తీసుకోను. సత్యనారాయణపురంలో మా ఇంట్లోనే పని. ఆదివారాలు పొద్దున ఒక్కొక్కరు రండి, ముందు ఫోన్ చేయండి. రాత్రి పది తర్వాత వాయిస్ మెసేజ్‌లు వినను. ప్రెస్‌కి పీడీఎఫ్ నా దగ్గర నుంచే వెళ్లాలి, మీరు విడిగా ఏ ఫైలూ ఇవ్వకండి. ప్రతి ఫారం మొదటి షీటు నేనే వెళ్లి చూస్తాను. వెళ్లలేకపోతే పుస్తకం ఆగుతుంది. ఆవిష్కరణ తేదీ ముందే ఖాయం చేసుకుని తొందరపెట్టేవాళ్లు దయచేసి ఇంకొకరిని చూసుకోండి.

తప్పు కాపీలు ఓ నలభై మాస్టారి స్నేహితులకు అప్పటికే వెళ్లిపోయాయి. మీ దగ్గరుంటే 97వ పేజీ తీసి చూడండి. పంపితే మంచి కాపీ పంపిస్తాను, రానుపోను పోస్టు ఖర్చు నాదే.